జావా... మళ్లీ జావాలా!

అత్తాపూర్‌లో ఎవరినైనా అడ్రసు అడిగితే వీధి పేరు చెప్పరు, పిల్లర్ నంబరు చెబుతారు. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పదకొండున్నర కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే 2009లో తెరుచుకున్నాక ఆ స్తంభాలే అక్కడి కొండగుర్తులయ్యాయి. పైన శంషాబాద్ విమానాశ్రయానికి కార్లు దూసుకెళ్తుంటాయి. కింద సందుల్లో మాత్రం కాలం కాస్త నెమ్మదిగానే నడుస్తుంది. ఏ మెకానిక్ షెడ్డు వెనకో, ఏ పాతింటి మెట్ల కిందో గోనెపట్టా కప్పుకుని ఓ పాత బండి కనిపిస్తుంది. పట్టా తీస్తే ట్యాంకు మీద 'జావా' అన్న అక్షరాలుంటాయి. కానీ హెడ్‌లైటు ఇంకేదో బండిది. ఉండాల్సిన రెండు సైలెన్సర్లకు బదులు ఒక్కటే, అదీ తుపాకీ గొట్టంలా. వెనక మడ్‌గార్డు లేదు. సీటు కింది ఫ్రేము సగానికి కోసేసి ఉంది.

'దీన్ని మళ్లీ మొదట్లో ఉన్నట్టు చేద్దాం' అంటాడు ఇంట్లో కుర్రాడు. అనడానికి అర నిమిషం చాలు. చేయడానికి మాత్రం నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏళ్లూ పట్టొచ్చు. పైగా స్పానర్ పట్టడం అదే మొదటిసారైతే..? అయినా ఫర్వాలేదు. వరస తప్పకుండా వెళ్తే కొత్తవాళ్లూ చేయగల పనే ఇది. వరస తప్పితేనే ఇబ్బంది. బండి బస్తాల్లోకీ, బస్తాలు పాతసామాన్ల కొట్టుకీ చేరతాయి!

మైసూరు నుంచి వచ్చిన బండి

ముందుగా బండి పుట్టుపూర్వోత్తరాలు తెలియాలి. జావాది నాటి చెకోస్లొవేకియా. ఫ్రాంటిషెక్ యానెచెక్ అనే పారిశ్రామికవేత్త 1929లో జర్మనీకి చెందిన వాండరర్ సంస్థ నుంచి మోటార్‌సైకిల్ తయారీ హక్కులు తీసుకున్నాడు. ఇంగ్లిషులో రాస్తే తన పేరులోని మొదటి రెండక్షరాలు, వాండరర్‌లోని మొదటి రెండక్షరాలు కలిపి 'జావా' అని పేరు పెట్టాడు. మనదేశంలో ఇరానీ కుటుంబం మైసూరులో 'ఐడియల్ జావా' కర్మాగారాన్ని స్థాపించింది. మైసూరు మహారాజు జయచామరాజ ఒడెయార్ ప్రోత్సాహం దానికి ఉంది. 1961 నుంచి బళ్లు బయటికొచ్చాయి. 1973 నుంచి అదే బండి 'యెజ్డీ' పేరుతో వచ్చింది. 1978లో రోడ్‌కింగ్ మార్కెట్లోకి అడుగుపెట్టింది. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది.

ఈ బండిని చూసినవాళ్లు చాలామంది ఓ చోట పొరబడతారు. రెండు సైలెన్సర్లు ఉన్నాయి కాబట్టి రెండు సిలిండర్లు అనుకుంటారు. కాదు! 250 జావాలో ఉన్నది ఒకే సిలిండర్, 248.5 సీసీ టూస్ట్రోక్ ఇంజిన్. ఆ ఒక్క సిలిండర్ నుంచే రెండు దారుల్లో పొగ బయటికొస్తుంది. కాబట్టి ఒక సైలెన్సర్ పీకేసి రెండో దారి మూసేసిన బండిలో పోయింది అందం మాత్రమే కాదు. టూస్ట్రోక్ ఇంజిన్‌లో పొగ బయటికెళ్లే తీరును బట్టే బండి లాగుడు ఉంటుంది. 'శబ్దం పెరిగింది, స్పీడు తగ్గింది' అని గొణిగేవాళ్ల సమస్య చాలావరకు అక్కడే ఉంటుంది.

ఇంకోమాట. జావా పేరు 2018లో, యెజ్డీ పేరు 2022లో మళ్లీ మార్కెట్లోకి వచ్చాయి. అవి ఫోర్‌స్ట్రోక్ ఇంజిన్‌తో పూర్తిగా కొత్తగా తయారైన బళ్లు. పేరు ఒకటే కదా అని షోరూముకెళ్లి పాత బండికి పిస్టన్ అడిగితే నవ్వులపాలవ్వాల్సిందే.

స్పానర్ కన్నా ముందు ఆర్సీ

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎక్కువగా చేసే తప్పు... బండి చూడగానే విప్పడం మొదలుపెట్టడం. మొదట విప్పాల్సింది బీరువాలోని కాగితాల ఫైలు. ఫ్రేము మెడ దగ్గరున్న చాసిస్ నంబరు, ఇంజిన్ మీదున్న నంబరు... రెండూ ఆర్సీతో సరిపోవాలి. అంకెలు గీకినట్టో, మళ్లీ కొట్టినట్టో అనిపిస్తే అక్కడితో ఆగిపోవాలి. బండి ఇంట్లోది కాకుండా బయట కొంటున్నదైతే డబ్బు చేతులు మారకముందే ఈ పని చేయాలి. దొంగబండికి ఎంత మెరుగుపెట్టినా అది దొంగబండే!

చట్టం సంగతీ తెలుసుకోవాలి. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదేమాట గట్టిగా చెప్పింది. అంటే బారెడు ఫోర్కులు, కోసిన ఫ్రేములు చూడటానికి ఎంత 'స్టైల్'గా ఉన్నా రోడ్డెక్కితే చిక్కే. ప్రమాదం జరిగితే బీమా దగ్గరా పేచీ వస్తుంది.

మరోపక్క పాతబళ్ల ప్రేమికులకు ఓ మంచి వెసులుబాటూ ఉంది. యాభై ఏళ్లు దాటిన ద్విచక్ర వాహనాలకూ కార్లకూ 'వింటేజ్' రిజిస్ట్రేషన్ ఇచ్చేలా కేంద్రం 2021 జులైలో నిబంధనలు ప్రకటించింది. నంబరు ప్లేటు మీద 'వీఏ' అన్న అక్షరాలుంటాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20 వేల రూపాయలు, పదేళ్లకోసారి రెన్యువల్‌కి 5 వేలు ఫీజుగా నిర్ణయించారు. ఆ బళ్లను రోజూ తిరగడానికో వ్యాపారానికో వాడకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలలాంటి వాటికే బయటికి తీయాలి. అన్నిటికన్నా ముఖ్యమైన షరతు మరొకటుంది. బండి అసలు రూపంలోనే ఉండాలి. చాసిస్‌లో, బాడీలో, ఇంజిన్‌లో చెప్పుకోదగ్గ మార్పులు జరిగి ఉండకూడదు.

లెక్క వేసుకోండి. జావా పేరుతో వచ్చిన మైసూరు బళ్లన్నీ దాదాపుగా యాభై దాటేసినట్టే. 1978 నాటి తొలి రోడ్‌కింగ్‌లకు మాత్రం 2028లో ఆ వయసు వస్తుంది. వయసు అర్హత తనంతట తనే వస్తుంది, రూపం అర్హత మాత్రం సంపాదించుకోవాలి. అందుకే ఫ్రేము కోసేసిన బండి విషయంలో ముందే రవాణా శాఖ కార్యాలయానికి వెళ్లి అడగడం మంచిది. వేలు ఖర్చుపెట్టాక అడిగితే, ఆ జవాబు వినడం కష్టం.

తాత బండా... నాన్న బండా?

కాగితాల కన్నా చిక్కు ప్రశ్న ఇంట్లోనే ఎదురవుతుంది. ఓ కుటుంబాన్ని ఊహించుకుందాం. తాత 1968లో మెరూన్ రంగు జావా కొన్నాడు. దాని మీద ఆఫీసుకెళ్లాడు, పెళ్లయిన కొత్తలో భార్యని సినిమాకి తీసుకెళ్లాడు. తొంభైల్లో బండి కొడుకు చేతికొచ్చింది. కాలేజీ రోజులు కదా... అతగాడు నల్లరంగు వేయించాడు, ఫ్రేము వెనకభాగం కోయించి ఒంటిసీటు పెట్టించాడు, హ్యాండిల్ మార్చాడు. ఇప్పుడు మనవడు 'తాతయ్య బండిలా చేస్తా' అంటున్నాడు. నాన్న పైకి సరేనన్నా లోపల ఏదో చివుక్కుమంటుంది. ఎందుకంటే మనవడు తీసేయాలనుకుంటున్న నల్లరంగు నాన్న యవ్వనం!

ప్రపంచమంతా పాతబళ్ల వాళ్లు ఈ ప్రశ్నతో తలపట్టుకున్నారు. చారిత్రక వాహనాల అంతర్జాతీయ సమాఖ్య 'ఫీవా' 2012లో 'ట్యూరిన్ చార్టర్'ని ఆమోదించింది. పాత కట్టడాల పరిరక్షణకు 1964లో రాసుకున్న వెనిస్ సూత్రాలే దానికి ప్రేరణ. అందులోని సారం ఏమిటంటే... వీలైనంత వరకు ఉన్నది కాపాడు, తప్పనిసరైతేనే బాగుచెయ్, చేసిన ప్రతి పనినీ రాసిపెట్టు. వాహనం తన జీవితకాలంలో పొందిన మార్పులు కూడా దాని చరిత్రలో భాగమే అన్న దృష్టి దాని వెనక ఉంది.

అత్తాపూర్ వాళ్లకు ఈ రెండు దారులూ కూతవేటు దూరంలోనే కనిపిస్తాయి. ఇటు బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం ఉంది. పాతసామాన్లతో కె.సుధాకర్ చేసిన బూటు కారు, క్రికెట్ బ్యాటు కారు, బర్గర్ కారు అక్కడున్నాయి. ప్రపంచంలోకెల్లా పెద్ద ట్రైసైకిల్‌తో 2005లో ఆయన గిన్నిస్ రికార్డు కూడా సాధించారు. అటు పాతబస్తీలోని చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం వాడిన 1912 నాటి పసుపురంగు రోల్స్ రాయిస్ అప్పటి హుందాతనంతోనే నిలబడి ఉంది. ఒకటి రూపం మార్చడంలో గొప్ప, మరొకటి రూపం నిలపడంలో గొప్ప. ఏది కావాలో ముందే తేల్చుకోవాలి. సగం అది, సగం ఇది అయితే చివరికి ఏదీ మిగలదు.

కొత్తవాళ్లకు పనికొచ్చే పద్ధతి ఒకటుంది. మార్పులన్నిటినీ మూడు వరసల్లో రాసుకోవాలి. మొదటిది... ప్రాణానికి ముప్పు తెచ్చేవి. కోసి అతికించిన ఫ్రేము, కొలతల్లేకుండా బిగించిన ఫోర్కు, ఏదో బండి నుంచి తెచ్చిపెట్టిన బ్రేకు... వీటిలో మొహమాటాలు లేవు, సరిచేయాల్సిందే. రెండోది... బండిని బండిలా లేకుండా చేసినవి. సీటు, డూము, సైలెన్సరు, మడ్‌గార్డు ఈ లెక్కలోకొస్తాయి. డబ్బు, ఓపిక ఉన్నప్పుడల్లా ఒక్కొక్కటీ మార్చుకోవచ్చు. మూడోది... కథ చెప్పేవి. నాన్న పెట్టించిన హారనో, తాత పాలక్యాన్ల కోసం వెల్డింగ్ చేయించిన చిన్న కొక్కెమో. ఉంచాలా తీయాలా అన్నది ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం. తీసినా పారేయకూడదు. చీటీ కట్టి పెట్టెలో పెట్టాలి.

విప్పేముందు ఫొటో, విప్పాక డబ్బా

ఇక పనిలోకి. బండి చుట్టూ తిరిగి నాలుగు వైపులా ఫొటోలు తీయాలి. వైర్లు ఎటునుంచి ఎటు వెళ్తున్నాయో, కేబుల్ ఏ కొక్కెంలోంచి దూరుతోందో దగ్గరగా తీయాలి. ఫోన్ చేతిలోనే ఉంటుంది కదా, బద్ధకం వద్దు. ఒక్కో భాగం బోల్టులు ఒక్కో డబ్బాలో వేసి పైన పేరు రాయాలి. 'గుర్తుంటుందిలే' అనుకుంటారు... మూడు నెలల తర్వాత ఒక్క బోల్టు కూడా గుర్తుండదు. ఓ నోట్‌బుక్ కూడా పెట్టుకోవాలి. ఏ తేదీన ఏం విప్పారు, ఏది ఎక్కడ ఎంతకి కొన్నారు, ఏ కొలత ఎంతొచ్చింది... అన్నీ అందులో ఉండాలి. తర్వాత బండికి అదే జాతకం.

అన్నీ ఒకేసారి విప్పొద్దు. ముందు చక్రాలు, బ్రేకులు. అవి పూర్తయ్యాక వైరింగ్. తర్వాత ఇంజిన్. ఇలా ఒక్కో గది ఊడ్చుకుంటూ వెళ్తే ఇల్లు శుభ్రమవుతుంది. అన్ని గదుల సామానూ వాకిట్లో పోస్తే సాయంత్రానికి పడుకోడానికి చోటుండదు.

బిగుసుకుపోయిన బోల్టుని సుత్తితో మాట వినిపించబోవద్దు. తుప్పు వదిలే నూనె వేసి ఓ రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి చాలావరకు దారికొస్తుంది. క్లచ్, డైనమో విప్పడానికి పుల్లర్ అనే ప్రత్యేక పనిముట్లుంటాయి. అవి లేకుండా స్క్రూడ్రైవర్‌తో ఎత్తబోతే అరవై ఏళ్లు చెక్కుచెదరని భాగం అరనిమిషంలో చిట్లుతుంది.

ముఖ్యమైన జాగ్రత్తలు రెండు. పెట్రోలు ట్యాంకు ఖాళీ చేసినంత మాత్రాన దానికి వెల్డింగ్ పెట్టకూడదు. లోపల మిగిలిన ఆవిరి చాలు, బాంబులా పేలడానికి. ఆ పని తెలిసినవాళ్లకే వదిలేయాలి. అలాగే పాత బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. ఆ దుమ్ముని నోటితోగానీ ఎయిర్‌తోగానీ ఊదొద్దు. మాస్కు కట్టుకుని తడిగుడ్డతో తుడవాలి.

గురువారం సంతలో వేట

సామాన్ల మాటకొస్తే హైదరాబాద్ వాళ్లది అదృష్టమే. పుత్లీబౌలి, జాంబాగ్ వైపు ద్విచక్ర వాహనాల సామాన్ల దుకాణాలు వరసగా ఉంటాయి. గురువారం పురానాపూల్ దగ్గరి జుమ్మేరాత్ బజార్‌లో పాత వస్తువుల సంత జరుగుతుంది. పనికిరానివాటి మధ్య ఒక్కోసారి వెతుకుతున్న వస్తువు తగులుతుంది, లేదంటే ఆ పూట తిరిగిన తృప్తి మిగులుతుంది. దొరకని బుష్‌లు, పిన్నులు కాటేదాన్ పారిశ్రామికవాడ వైపు లేత్ పనివాళ్ల చేత చేయించుకోవచ్చు. నమూనా చేతికిచ్చి, కొలత కాగితం మీద రాసివ్వాలి. నోటిమాట కొలతలు నోటితోనే పోతాయి.

కొనేటప్పుడు మోడల్ సంగతి మరవొద్దు. పాత జావాకి 16 అంగుళాల చక్రాలు, రోడ్‌కింగ్‌కి 18 అంగుళాలవి. ట్యాంకు, డూము, కార్బురేటర్... ఒకదానివి మరొకదానికి 'పట్టిస్తే పడతాయి' అని దుకాణంవాడు అంటాడు. నిజమే, పడతాయి. అలా పట్టించీ పట్టించీనే కదా బండి ఈ అవతారానికొచ్చింది!

ఏటా జులై రెండో ఆదివారం జావా ప్రియులు 'అంతర్జాతీయ జావా దినం' జరుపుకుంటారు. పాత బళ్లు బారులు తీరిన చోటికి ఓసారి వెళ్లిరండి. మీ బండికి ఏముండాలో, ఏం పోయిందో పుస్తకం కన్నా అక్కడ నిలబెట్టిన పక్కబండి బాగా చెబుతుంది. అక్కడ పరిచయమైన ఓ పెద్దమనిషి పది దుకాణాల పెట్టు.

ఇంజిన్ గుట్టు సీళ్లలో

టూస్ట్రోక్ ఇంజిన్ చూడ్డానికి సులువు. వాల్వులు లేవు, భాగాలు తక్కువ. కానీ దానికో గుట్టుంది. పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం సిలిండర్‌లోకి వెళ్లేముందు కింద క్రాంక్ తిరిగే గదిలోకి వస్తుంది. ఆ గదికి గాలి చొరబడకుండా ఆయిల్ సీళ్లు కాపలా కాస్తాయి. ఏళ్ల తరబడి నిలిచిపోయిన బండిలో ఆ రబ్బరు ఎండి పగులుతుంది. అక్కణ్నుంచి అదనంగా గాలి దూరుతుంది. మిశ్రమం పలచబడుతుంది, ఇంజిన్ వేడెక్కుతుంది, పిస్టన్ పట్టేస్తుంది. 'కొత్త పిస్టన్ వేసినా వారంలో జామైంది' అనే ఫిర్యాదుల వెనక చాలాసార్లు ఉండేది నాలుగు రాళ్ల సీలే!

కాబట్టి బోర్ చేయించి పిస్టన్ మార్చేటప్పుడే సీళ్లు, బేరింగులు కూడా చూపించాలి. క్రాంక్ విప్పి బిగించడం మాత్రం మొదటిసారి చేసేవాళ్ల పని కాదు. ఆ బండ్ల మీద చెయ్యి తిరిగిన మేస్త్రీకి ఇచ్చి, పక్కనే కూర్చుని చూడాలి. అది ఖర్చు కాదు, ట్యూషన్ ఫీజు. కార్బురేటర్ శుభ్రం చేయడం, పాయింట్ల మధ్య ఖాళీ సరిచూడటం, క్లచ్ కేబుల్ మార్చడం ఎవరైనా నేర్చుకోవచ్చు. ఆరు ఓల్టుల పాత వైరింగ్‌ని పన్నెండుకి మార్చిన బళ్లు కనిపిస్తుంటాయి. అచ్చం పాతలాగే ఉండాలనుకునేవారు వెనక్కి మారుస్తారు. రాత్రిపూట దారి కనిపించడమే ముఖ్యం అనుకునేవారు అలాగే ఉంచేస్తారు. రెంటికీ కారణాలున్నాయి.

ఈ రోజుల్లో బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. పాత రబ్బరు గొట్టాలు, వాషర్లు దాన్ని తట్టుకోలేవు. వాటిని ఇథనాల్‌ని తట్టుకునే రకానికి మార్చుకోవాలి. బండి నెలల తరబడి నిలిపేస్తే ట్యాంకు ఖాళీ చేయాలి. పెట్రోల్లో టూటీ ఆయిల్ కలపడం మరిచారంటే... ఇంత శ్రమా ఒక్క ప్రయాణంలో బూడిదే.

రంగు చివరాఖర్న

అందరికీ తొందర రంగు దగ్గరే. కానీ అది అన్నిటికన్నా చివరి పని. ముందు ఫ్రేము కొలతలు సరిచూడాలి. కోసిన చోట అతుకు పెట్టించాల్సి వస్తే అదే మోడల్ మంచి ఫ్రేముతో పోల్చి, రెండు చక్రాలూ ఒకే గీత మీద ఉన్నాయో లేదో చూడాలి. తర్వాత రంగు వేయకుండానే బండి మొత్తం ఓసారి బిగించి చూడాలి. ఎక్కడ రాసుకుంటోందో, ఏ రంధ్రం కలవట్లేదో అప్పుడే బయటపడుతుంది. రంగు వేశాక బయటపడితే గీతలు పడేది కొత్త రంగుకే. ట్యాంకు పక్కలనున్న పాత క్రోమ్ బాగుంటే దాన్ని అలాగే మెత్తటి గుడ్డతో తుడిచి ఉంచేయడం మేలు. కొత్తది ఎప్పుడైనా చేయించుకోవచ్చు. అరవై ఏళ్ల కిందటిది మళ్లీ రాదు.

ఖర్చు? అనుకున్న దానికన్నా ఎక్కువే అవుతుంది. అందుకే నెలకింత అని పెట్టుకుని, ఆ నెల డబ్బుతో ఆ నెల పని చేసుకోవడం ఇంటికీ బండికీ మంచిది. బండి కోసం ఇంట్లో గొడవలు పడితే ఆ బండి ఎక్కినా సంతోషం ఉండదు.

అన్నీ పూర్తయ్యాక కొత్త కుర్రాడికి ఓ చిన్న పరీక్ష మిగులుతుంది. అద్దంలా మెరుస్తున్న బండి ఎక్కుతాడు, కిక్ రాడ్డు కోసం వెతుకుతాడు... కనిపించదు! జావాలో కిక్ రాడ్డు, గేరు రాడ్డు ఒకటే. దాన్ని లోపలికి నొక్కి, వెనక్కి తిప్పి నిలబెట్టి కిక్ కొట్టాలి. స్టార్టయ్యాక మళ్లీ ముందుకు తెచ్చి గేరు వేయాలి. నోట్‌బుక్‌లో ఎన్ని పేజీలు రాసుకున్నా కాలికి ఆ ఒడుపు రాదు. తెలిసినవాళ్లు పక్కన నిలబడి చూపించాల్సిందే. ఇంట్లో ఆ తెలిసినవాళ్లు ఇద్దరుంటారు. ఒకరు మెరూన్ రంగు రోజుల్లో కొట్టినవారు, ఇంకొకరు నల్లరంగు రోజుల్లో కొట్టినవారు. మొదటి కిక్ ఎవరు కొట్టాలన్నది వాళ్లిద్దరూ తేల్చుకుంటారు. కుర్రాడు వెనక సీట్లో కూర్చుంటే చాలు!